గట్టిపడిన బగెట్ కూడా చద్దన్నం లాంటిదే

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేము ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉంటున్నాం. నేను, మావారు, ఎనిమిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప. నెల క్రితం మా అత్తగారు వచ్చారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. పిల్లలకు ఇక్కడి బగెట్ రొట్టె అంటే ప్రాణం. రోజూ రెండు ‘ట్రడిషన్’ బగెట్లు కొంటాం, ఒక్కొక్కటి 1.30 యూరోలు. రాత్రికి చాలా మిగులుతుంది, తెల్లారేసరికి కర్రలా అయిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి చూశాను, ఇంకా పాడయింది. ప్లాస్టిక్ సంచిలో పెడితే పైపెచ్చు తోలులా సాగుతోంది. వారానికి ఒక సంచెడు పారేస్తున్నాను. కింద పడిన మెతుకును కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని. చెత్తబుట్ట మూత ఎత్తినప్పుడల్లా తప్పు చేస్తున్నట్టు ఉంటోంది. అత్తగారు ఏమీ అనరు గానీ, చూస్తారు. ఖర్చు తగ్గి, రొట్టె పారేయకుండా ఉండే దారి చెప్పండి.
– ఒక గృహిణి, లియాన్

సమాధానం: ‘అత్తగారు ఏమీ అనరు గానీ, చూస్తారు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రెనోబుల్‌లో నేను పద్నాలుగేళ్లు కాపురం చేశాను. మొదటి ఏడాది నేనూ ఇలాగే సంచులకొద్దీ పారేశాను. ఒకరోజు మెట్ల కింద చెత్తడబ్బా దగ్గర, కింది వాటాలో ఉండే పెద్దావిడ నా చేతిలోని బగెట్ ముక్క తీసుకుని, వేలి కణుపుతో టకటకా కొట్టి చూసి, నన్ను తన వంటింట్లోకి తీసుకెళ్లారు. ముక్కను రంపపు కత్తితో బిళ్లలుగా కోసి పెనం మీద వేశారు. రెండు వైపులా రంగు వచ్చాక, తొక్క తీసిన పచ్చి వెల్లుల్లి రెబ్బను బిళ్ల మీద రుద్దారు. ఆ గరుకుకి వెల్లుల్లి సుద్దముక్కలా అరిగిపోతూ వచ్చింది. రెండో బిళ్లకే రెబ్బ అయిపోయింది. పైన నాలుగు చుక్కలు ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. తాజా రొట్టె మీద వెల్లుల్లి అలా అరగదు, జారిపోతుంది. గట్టిపడిన రొట్టెతోనే అయ్యే పని అది.

మీకు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి కూడా అదే. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పొగలు కక్కాలని మనం ఎప్పుడూ ఆశించలేదు. మజ్జిగ పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నాం. లేదా నిమ్మకాయ పిండి పులిహోర కలిపాం. వేడన్నం వేరు, చద్దన్నం వేరు. ఫ్రెంచివాళ్లకు రొట్టె కూడా అంతే. మొదటి రోజుది ఒక పదార్థం, మర్నాటిది వేరొక పదార్థం, నాలుగో రోజుది ఇంకోటి. మీరు మూడింటినీ మొదటి రోజు రొట్టెగానే చూస్తున్నారు కాబట్టి రెండు మీకు చెత్తగా కనిపిస్తున్నాయి.

రొట్టె ఎందుకు గట్టిపడుతుందో తెలిస్తే సగం పొరపాట్లు వాటంతట అవే పోతాయి. తడి ఆరిపోయి ఎండుతుందని అందరూ అనుకుంటారు. 1852లో బుస్సింగోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, తడి బయటికి పోకుండా మూసి ఉంచినా రొట్టె గట్టిపడుతుందని చూపించాడు. మళ్లీ వేడి చేస్తే మెత్తబడుతుందని కూడా చూపించాడు. అసలు కారణం పిండిపదార్థం. కాలేటప్పుడు అది నీరు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. చల్లారాక మెల్లగా మళ్లీ గట్టి కట్టు కట్టుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పలుకులుగా మారడం, వేడి చేస్తే తిరిగి మెత్తబడడం రోజూ చూస్తూనే ఉంటారు కదా, ఇదీ అదే. ఈ గట్టిపడడం అన్నిటికన్నా త్వరగా జరిగేది ఫ్రిజ్‌లో ఉండే చల్లదనంలోనే. బయట ఉంచిన రొట్టె కంటే ఫ్రిజ్‌లో పెట్టిన రొట్టె ముందు పాడవుతుంది. మీరు చూసింది నిజమే. ఫ్రీజర్‌లో మాత్రం ఆ పని దాదాపు ఆగిపోతుంది. ఇక ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపలి మెత్తటి భాగంలోని తడి పెచ్చులోకి చేరి, బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. మీరు తోలులా అన్నది అదే.

ఈ తెలివిడితో ఇంట్లో పాటించవలసింది కొంచెమే. ఈ రోజు తినేది కాగితం సంచిలోనో, మందపాటి నూలు గుడ్డలోనో ఉంచండి. రాత్రికి మిగులుతుందని మధ్యాహ్నమే తెలిసిపోతుంది. అప్పుడే, ఇంకా బాగున్నప్పుడే, జానెడు ముక్కలుగా కోసి, గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక పెట్టి ప్రయోజనం లేదు, ఫ్రీజర్ ఏ స్థితిలో పెట్టినదాన్ని ఆ స్థితిలోనే ఇస్తుంది. నెల లోపల వాడేయండి. కావలసినప్పుడు మంచు వదలనివ్వకుండా నేరుగా 200 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది, పది నిమిషాలు ఉంచితే చాలు. పెచ్చు కరకరలాడుతుంది, లోపల ఆవిరి వస్తుంది. మైక్రోవేవ్‌లో వద్దు. తీసిన నిమిషం మెత్తగా ఉండి, నోట్లో పెట్టుకునే లోపే రబ్బరు అవుతుంది.

బయటే ఉండి ఒకటి రెండు రోజులకు గట్టిపడినదాన్ని బతికించడం కూడా తేలికే. కోయని ముక్కను కుళాయి కింద ఒక్క క్షణం పెచ్చు తడిసేలా తిప్పి, 190 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు ఉంచండి. నీళ్లు పోయడానికి మొదటిసారి చెయ్యి రాదు, నాకూ రాలేదు. ఆ తడే ఆవిరై లోపలికి వెళ్తుంది, పైన ఉన్నది ఆరిపోయి పెచ్చు మళ్లీ కరకరలాడుతుంది. ఇలా బతికించినది అరగంట లోపల తినాలి. చల్లారితే ముందుకన్నా గట్టిగా అవుతుంది, రెండోసారి బతికించలేం. అందుకే పిల్లలు బడి నుంచి వచ్చి చేతులు కడుక్కునేటప్పుడు ఓవెన్‌లో పెట్టండి, ముందు కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. రోజుకు 2.60 అంటే వారానికి 18.20, నెలకు 78 యూరోలు. మూడో వంతు పారేస్తున్నారని అనుకున్నా నెలకు 26 యూరోలు చెత్తలోకి పోతున్నాయి. మీ ఇంట్లో తప్పు చిన్నది. అన్ని రోజులకూ బగెట్టే కొంటున్నారు. బగెట్ సన్నగా పొడుగ్గా ఉంటుంది, బరువు పావు కిలో. పెచ్చు ఎక్కువ, లోపలి మెత్తన తక్కువ. అందుకే ఆ రుచి, అందుకే ఆ తొందర కూడా. మీరు కొనే ట్రడిషన్‌లో 1993 నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారం నిల్వ మందులేవీ కలపకూడదు, ముద్దను గడ్డకట్టించి దాచకూడదు. పిండి, నీరు, ఉప్పు, పులియబెట్టే ఈస్టు లేదా పులిసిన పిండి, అంతే దాదాపు. పాలు, నూనె లేవు. మంచి రొట్టె గనుకే ఆ పూటకే బాగుంటుంది.

అదే బేకరీలో, వెనక అరలో, గుండ్రంగా బండలా ఉండే పెద్ద రొట్టెలు చూసే ఉంటారు. ‘పాన్ ద కంపాన్’ అంటారు, పల్లె రొట్టె అని. పులిసిన పిండితో, అంటే ‘లెవాన్’తో చేసినది అడగండి. దాని పులుపు వల్ల, మందం వల్ల నాలుగైదు రోజులు నిలుస్తుంది. రెండో రోజుకు రుచి పెరుగుతుంది కూడా. కోయించుకోకండి, ముక్కలు చేస్తే త్వరగా ఆరిపోతుంది. కోసిన వైపు చెక్కపీట మీద బోర్లించి, పైన గుడ్డ కప్పితే చాలు. రొట్టెను మాత్రం తలకిందులుగా పెట్టకండి. ఫ్రెంచి పెద్దవాళ్లకు అది అపశకునం. పూర్వం బేకరీవాళ్లు, మరణశిక్షలు అమలు చేసే తలారి కోసం ఉంచే రొట్టెను గుర్తు కోసం తిరగేసి పెట్టేవారట. పక్కింటివాళ్లు ఇంటికి వస్తే మీ వంటింట్లో ముందు అదే చూస్తారు.

లెక్క వేసి చూపిస్తాను. మీరు వారానికి కొనేది మూడున్నర కిలోలు, పారేసే మూడో వంతు పోగా నిజంగా తింటున్నది సుమారు 2.3 కిలోలు. 800 గ్రాముల పల్లె రొట్టెలు రెండు, శని ఆదివారాలకు మూడు బగెట్లు కొంటే సరిగ్గా సరిపోతుంది. కిలో ధర రెండింటికీ ఒకటే అనుకుందాం, మీ బగెట్ లెక్కన 5.20. వారానికి 12.22 యూరోలు అవుతుంది. ఆరు యూరోలు మిగిలాయి, ఎవరి నోటి ముందు నుంచీ తీయకుండా. బేకరీలో ధరల పట్టీ మీద కిలో ధర కూడా రాసి ఉంటుంది, ఒక్కో రొట్టె ధర కాకుండా అది చూసి కొనండి. కొన్నిచోట్ల పల్లె రొట్టె కిలో ధర బగెట్ కంటే ఎక్కువ ఉంటుంది, అప్పుడు పక్క వీధి బేకరీ కూడా చూడండి. రోజూ బగెట్ లేనిదే బాబు ఒప్పుకోకపోతే సగం బగెట్ అడగండి, కోసి ఇస్తారు. సిగ్గుపడవలసింది ఏమీ లేదు, ఒంటరి ముసలివాళ్లంతా అలాగే కొంటారు. ఇంటికి వచ్చే దారిలో బగెట్ కొస విరుచుకుని తినడం అక్కడి పిల్లల హక్కు. అది మాత్రం ఆపకండి.

‘నిన్నటి రొట్టె’ తక్కువ ధరకు ఇచ్చే బేకరీలు ఉన్నాయి, అడిగితేనే చెబుతారు. మిగిలిన సరుకును సంచిలో వేసి చవకగా అమ్మే ‘టూ గుడ్ టు గో’ యాప్‌లో కూడా బేకరీలు చాలా ఉన్నాయి. కానీ ఆ సంచిలో ఏముంటుందో ముందు తెలియదు. తీపి రొట్టెలు, గుడ్డు కలిపినవి, ఒక్కోసారి హామ్, అంటే పంది మాంసం పెట్టినవి కూడా వస్తాయి. మీ అత్తగారు ఉన్న ఈ నెలల్లో దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంట్లో చేసుకోవడం గురించి మీరు అడగలేదు గానీ, ఇడ్లీ పిండి రాత్రి కలిపి పొద్దున్న వాడే అలవాటు ఉన్న చేతికి ఇది కష్టం కాదు. సూపర్ మార్కెట్‌లో ‘టి 65’ అని రాసి ఉన్న గోధుమ పిండి కొనండి. పిండిని కాల్చితే మిగిలే బూడిద ఎంతో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ పొట్టు ఎక్కువ. అర కిలో పిండి, పది గ్రాముల ఉప్పు, పావు చెంచా పొడి ఈస్టు, 365 మిల్లీలీటర్ల నీళ్లు. గరిటెతో కలపండి, పిసకనక్కర్లేదు. మూత పెట్టి రాత్రంతా, పన్నెండు గంటలపాటు వదిలేయండి. లియాన్ వేసవిలో ఎనిమిది గంటలు చాలు. పొద్దున పైన బుడగలు కనిపిస్తాయి, అట్ల పిండి పొంగినట్టే. పిండి చల్లిన బల్ల మీద వేసి నాలుగు అంచులూ మధ్యకు మడిచి, గంట ఆగండి. ఆలోగా మూత ఉన్న బరువైన ఇనుప గిన్నెను ఓవెన్‌లో 240 డిగ్రీల దగ్గర అరగంట కాగనివ్వండి. ముద్దను అందులో వేసి, మూత పెట్టి అరగంట, మూత తీసి పదిహేను నిమిషాలు. ముద్దలోంచి వచ్చే ఆవిరి గిన్నెలోనే ఉండి, పైచర్మం త్వరగా బిగుసుకోకుండా చూస్తుంది. అందుకే బాగా పొంగి, పెచ్చు మెరుస్తుంది. తీశాక అడుగు భాగం వేలితో కొట్టండి. కొత్త కుండ కొనేటప్పుడు మోగించి చూస్తామే, అలా బోలుగా మోగితే కాలినట్టు. గంటసేపు కోయకండి. చల్లారుతూ పెచ్చు చిటపటమని మాట్లాడుతుంది, పిల్లలను పిలిచి వినిపించండి.

ముప్పావు కిలో రొట్టె అవుతుంది. పిండి, కరెంటు అన్నీ కలిపినా ఒకటిన్నర యూరోలకు మించదు. అదే బరువుకు బగెట్లు మూడు, 3.90. కాకపోతే ఒక్క రొట్టె కోసం రోజూ ఓవెన్ పెడితే కరెంటు బిల్లు తినేస్తుంది. ఆదివారం ఒకసారి, కూరగాయలు కాల్చేదో ఇంకేదో ఉన్నప్పుడు, వెంటనే ఆ వేడి మీదే చేయండి.

ఇక మిగిలినవి, అంటే చద్ది. ముందు మీ అత్తగారి కోసం ఒకటి చెబుతాను, ఎందుకంటే ఆవిడ మెచ్చుకోలు మీకు ముఖ్యమని ఉత్తరంలోనే తెలుస్తోంది. పెరుగు రొట్టె. రెండు మూడు రోజుల బగెట్‌ను బొటనవేలంత మందాన బిళ్లలుగా కోసి, కొద్దిగా నూనె వేసి పెనం మీద ఎర్రగా కాల్చండి. తరువాత పెరుగు చిలికి, ఉప్పు, తురిమిన అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు అందులో వేయండి. పెరుగు పలచగా ఉండాలి, రొట్టె చాలా తాగుతుంది. బిళ్లలు అందులో వేసి అరగంట. పెరుగువడ గుర్తుకొస్తుంది, పప్పు నానబెట్టే పని లేదు. తాజా మెత్తటి బ్రెడ్‌తో ఇది చేస్తే ముద్దయిపోతుంది. గట్టి పెచ్చు ఉన్న రొట్టెకే ఆకారం నిలుస్తుంది.

బ్రెడ్ ఉప్మా మీకు తెలుసు. ఈ రొట్టెతో చేసేటప్పుడు ముక్కల మీద ముందు పుల్లమజ్జిగ చిలకరించి పది నిమిషాలు మూత పెట్టండి, నీళ్లు కాదు. పెచ్చు నానుతుంది, పులుపు పడుతుంది.

చారు పెట్టిన రోజు గిన్నె అడుగున కాల్చిన రొట్టె బిళ్ల వేసి, పైన వేడి చారు పోయండి. ఇది నా కల్పన కాదు. ‘సూప్’ అన్న మాటకు ఫ్రెంచిలో పాత అర్థం, గిన్నె అడుగున వేసి పైన పులుసు పోసే రొట్టె ముక్క అనే. ఉల్లిపాయ సూప్ దాని వారసురాలే. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెన్నలో ముప్పావు గంట సన్నసెగ మీద బెల్లం రంగు వచ్చేదాకా వేయించి, కూరగాయలు ఉడికించిన నీళ్లు పోసి మరగనిచ్చి, పైన రొట్టె బిళ్లలు పేర్చి, జున్ను (చీజ్) తురుము చల్లి ఓవెన్‌లో కాలుస్తారు. మీ అత్తగారి గిన్నెలో మాత్రం జున్ను వేయకండి. అక్కడ వాడే కోమ్తే జున్నును దూడ కడుపు నుంచి తీసే పదార్థంతో తోడు వేస్తారు. చాలామంది శాకాహారులకు ఈ సంగతి తెలియదు.

గుడ్డు తినే మీ పిల్లలకు ‘పాన్ పెర్డ్యూ’ చేయండి. ‘పోయిన రొట్టె’ అని దాని అర్థం, పారేయవలసినదాన్ని దక్కించుకున్నదని. పావు లీటరు పాలు, రెండు గుడ్లు, రెండు చెంచాల పంచదార, రెండు ఏలకులు. వేలెడు మందం ముక్కలు ఒక్కో వైపు పది నిమిషాలు నానాలి. మధ్యలో నొక్కి చూస్తే గట్టిగా తగలకూడదు. వెన్నలో సన్నసెగ మీద కాల్చండి. డబుల్ కా మీఠా చేద్దామని అనిపిస్తే మాత్రం దీనితో వద్దు. ఈ పెచ్చు పాకంలో నమలలేనట్టు సాగుతుంది. దానికి మెత్తటి పాల బ్రెడ్డే సరైనది.

నాలుగో రోజు, అయిదో రోజు కత్తికి కూడా లొంగని ముక్కలు ఉంటాయి. అవి గుడ్డసంచిలో వేలాడదీసి పూర్తిగా ఎండనివ్వండి. నెలకోసారి మిక్సీలో రవ్వలా పొడి చేయండి. నూనెలో వెల్లుల్లి, కరివేపాకు, కారం వేసి, ఆ పొడిని బంగారు రంగు వచ్చేదాకా వేయించి సీసాలో పోయండి. బెండకాయ, బీన్స్, వంకాయ వేపుళ్లలో దించేముందు రెండు చెంచాలు చల్లితే కొబ్బరి పొడికి పోటీ వస్తుంది. దక్షిణ ఇటలీ పల్లెల్లో జున్ను కొనలేని ఇళ్లలో పాస్తా మీద ఇలాంటి వేయించిన రొట్టె పొడే చల్లుకునేవారు, ఇప్పుడు కొనగలిగినవాళ్లూ రుచి కోసం చల్లుకుంటున్నారు. అన్నంలో నెయ్యి వేసుకుని ఈ పొడి కలుపుకుంటే మా ఇంట్లో కూర అడిగేవారు కాదు.

ఒక్క చోట మాత్రం కనికరం వద్దు. బూజు పట్టిన రొట్టెలో ఆ భాగం కోసేసి మిగతాది వాడకండి. కంటికి కనబడే మచ్చ కన్నా లోపల దాని వేళ్లు దూరం వెళ్లి ఉంటాయి. మొత్తం తీసేయండి, రొట్టె పెట్టిన గుడ్డ కూడా ఉతకండి. పావురాలకు వేద్దామనుకుంటారేమో, అక్కడ వీధుల్లో వాటికి తిండి వేయడం నిషేధం.

ఈ వారం ఇంట్లో ఉన్న బగెట్లు అయిపోయేదాకా కొత్తవి కొనకండి. పెరుగు రొట్టెతో మొదలుపెట్టండి, అల్లం కొంచెం ఎక్కువే వేయండి. అత్తగారు తిన్నాక ఏమన్నారో నాకు రాయండి.